పాత బకెట్ల ఆకు

మా గ్యాలరీలో, అంటే గదుల ముందుండే పొడవాటి వరండాలో, సరిగ్గా మా గడప ఎదుట, రెండు బకెట్లుండేవి. ఒకటి ఇనుపది. చెయ్యి ఊడిపోయింది, అంచులు తుప్పు పట్టాయి, అడుగున చిల్లి పడింది. మా అత్తమ్మ కాపురానికొచ్చిన కొత్తలో కింద నల్లా దగ్గర్నుంచి మూడంతస్తులు నీళ్లు మోసిన బకెట్ అది. రెండోది తెల్లటి ప్లాస్టిక్‌ది. మా ఆయనది గోడలకు రంగులేసే పని, రంగు అయిపోయాక ఇంటికి తెచ్చిన డబ్బా. ఇనుప బకెట్‌లో ఉల్లాకు పెరిగేది, ప్లాస్టిక్ బకెట్‌లో లిల్లీ పెరిగేది. ఒకటి తినడానికి, ఒకటి చూడడానికి. ఇంతకంటే తేలికైన సంగతి ఇంకోటి ఉండదని, అది మా ఇంట్లో నలుగురికీ తెలుసని నేను నమ్మాను. ఇరవై రెండేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, ఎవరికి ఏం తెలుసో ఒక్కసారైనా అడగకుండా ఎలా నమ్మానో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

ఉల్లాకు అత్తమ్మది. మా గల్లీ మొగలో బండి మీద అమ్మే ఉల్లిగడ్డల్లో మొలకొచ్చినవి ఉంటే ఆడవాళ్లంతా బండివాడితో తగాదా పెట్టుకుంటారు. ఆమె మాత్రం అవే ఏరుకొని తెచ్చేది. ఇనుప బకెట్‌లోని మట్టిలో వాటిని సగం దాకా గుచ్చి, కాసిన్ని బియ్యం కడిగిన నీళ్లు పోసేది. వారం పది రోజుల్లో ఆకు జానెడు లేచేది. పైన కోసుకుంటే మళ్లీ కిందనుంచి వచ్చేది. శనగపిండి వేసి పొడిగా వండితే కామాటిపురలో సగం ఇళ్లకు వాసన చేరిందా అనిపించేది. మా చాళ్‌లో, ఆ వరస గదుల పాత మేడలో, మూడో అంతస్తున పచ్చిగా ఏదైనా తినే వస్తువు పెరుగుతుందంటే అది ఆ బకెట్‌లోనే.

లిల్లీ నాది. నేను పనిచేసిన మునిసిపాలిటీ తెలుగు బడిని పిల్లలు లేరని ఇంకో బడిలో కలిపేసినప్పుడు, ఆవరణలో గోడ వెంట ఉన్న మొక్కలన్నీ పీకేశారు. అందులో వానకు పూసే తెల్ల లిల్లీలున్నాయి. తోటమాలి వాటి గడ్డల్ని ఒక మూలకు పోశాడు. ఓ ఇరవై గడ్డలు పేపర్లో చుట్టుకొని తెచ్చుకున్నాను. మేకలు కూడా వీటిని ముట్టవని అతను హిందీలో చెప్పాడు. మూడో అంతస్తులో మాకు మేకలెక్కడివని నేను నవ్వాను. నాటిన మొదటి వానాకాలంలోనే పూశాయి. జూన్‌లో మొదటి వాన పడ్డ మూడో రోజు పొద్దున బకెట్ నిండా తెల్లగా నిలబడ్డాయి. ఆ గ్యాలరీలో, ఆరేసిన బట్టల కింద, నీళ్ల డ్రమ్ముల పక్కన అవి అలా కనిపిస్తే నాకు బడికి ఆలస్యమైనా కదలబుద్ధి కాలేదు. మా అమ్మాయి ఫోన్‌తో ముప్పై ఫొటోలు తీసింది.

అత్తమ్మకు మాత్రం ఒళ్లు మండింది.

"గడ్డ జూస్తే ఉల్లిగడ్డ లెక్కనే ఉన్నది, ఆకు జూస్తే ఉల్లాకు లెక్కనే ఉన్నది, కూరకు మాత్రం రాదా? ఇది మేడం ఉల్లిగడ్డ. తయారై కూసుంటది, పని జెయ్యది" అని అందరి ముందూ అనేసింది. ఆ మేడం నేనేనని అందరికీ తెలుసు. నేనూ ఊరుకోలేదు. "నీ ఉల్లిగడ్డకు నోరెక్కువ అత్తమ్మా, కోస్తే ఏడిపిస్తది" అన్నాను. ఇలా రెండు గడ్డల మీద పెట్టి మేమిద్దరం చాలా మాటలు అనుకున్నాం. అవి ఆటగానే అనుకున్నాం.

మా ఇంట్లో మాటల సంగతి కూడా చెప్పాలి. అత్తమ్మ పాలమూరు నుంచి పదహారేళ్ల వయసులో వచ్చి, యాభై ఏళ్లకు పైగా ఈ ఊళ్లోనే ఉంది. బజార్లో మరాఠీ గడగడా మాట్లాడుతుంది. బేరమాడి కూరగాయలమ్మే ఆడవాళ్లకు విసుగు పుట్టిస్తుంది. కానీ గడప లోపలికి వస్తే ఒక్క మరాఠీ ముక్క నోట రానిచ్చేది కాదు. "బయట బతకనీకి బయటి మాట. ఇంట్ల మన మాట" అనేది. మా అమ్మాయికి పదిహేడేళ్లు. దానికి వాళ్ల నాన్నతో హిందీ, నాతో మరాఠీ, ఫోన్‌లో ఇంగ్లిష్. తెలుగులో తిను, రా, పో, నీళ్లు, కోయి, వొండు లాంటి పది పన్నెండు మాటలు తెలుసు. మిగతాదంతా నానమ్మ చెయ్యి ఎటు చూపిస్తోందో చూసి ఊహించుకుంటుంది. అత్తమ్మ తెలుగులో అడిగేది, పిల్ల మరాఠీలో జవాబిచ్చేది, మధ్యలో నేను దుబాసీ పని చేసేదాన్ని.

నేను తెలుగు టీచర్ని. తెలుగు బడికి పిల్లల్ని పంపండని ప్రతి ఏడూ గల్లీ గల్లీ తిరిగి, వర్లి చాళ్ల దాకా వెళ్లి తల్లుల్ని బతిమాలినదాన్ని. నా పిల్లను మాత్రం ఇంగ్లిష్ మీడియంలో వేశాను. ఈ సిగ్గు నాకు లేకపోలేదు. ఎవరైనా ఎత్తిచూపితే మాత్రం కోపం వస్తుంది.

అత్తమ్మకు కుడి కన్ను లేదు. పడుచు వయసులో కట్టడం పనిలో సున్నం తట్ట దించుతుంటే కంట్లో పడింది. ఆ కన్ను అప్పుడే పోయింది. ఇంతకాలం ఎడమ కంటితోనే లాక్కొచ్చింది. దానికీ శుక్లం ముదిరి, మెట్లు తడుముకుంటూ దిగే పరిస్థితి వచ్చాక మొన్నటి ఆగస్టులో ఆపరేషన్ చేయించాం. మర్నాడు కట్టు విప్పి నల్ల కళ్లద్దాలు పెట్టారు. చూపు వారంలో తేటపడుతుంది, అంతవరకు మసకగానే ఉంటుందన్నారు. ఇక జాగ్రత్తలు. వంగొద్దు, బరువెత్తొద్దు, గట్టిగా దగ్గొద్దు, తుమ్మొద్దు. ఉన్నది ఒక్క కన్నే కాబట్టి డాక్టర్ ఆ మాటలు నాకు రెండుసార్లు చెప్పాడు. నేను వాటిని కాగితం మీద రాసి అలమర తలుపుకు అంటించాను. తెలుగులో రాశాను. అది చదవగలిగేది ఆ ఇంట్లో నేనొక్కదాన్నే అని రాసేటప్పుడు తోచలేదు.

ఆపరేషన్ అయిన నాలుగో రోజు సెలవు దొరక్క బడికి వెళ్లాను. అమ్మాయికి కాలేజీ లేదు. ఆరోజు సంకష్టి చవితి, చంద్రుణ్ని చూసేదాకా దానికి ఉపవాసం. నానమ్మను చూసుకుంటానంది. కంట్లో చుక్కలు ఎప్పుడెప్పుడు వేయాలో ఫోన్‌లో అలారం పెట్టుకుంది. నేను నిశ్చింతగా వెళ్లాను.

మూడు గంటలకు తిరిగొచ్చి మెట్లెక్కుతుంటే రెండో అంతస్తులో ఉండగానే వాంతి చప్పుడు వినపడింది. పేగులు బయటికొచ్చేలా కక్కుతున్నారెవరో. మా గదే అని తెలియడానికి నాకు ఇంకో ఆరు మెట్లు పట్టాయి. పరుగెత్తాను. అత్తమ్మ మంచం మీద కూర్చొని ముందుకు వంగిపోయి ఉంది. పక్కింటి వదిన ఆమె నుదురు పట్టుకుంది. అమ్మాయి గిన్నె పట్టుకొని ఏడుస్తోంది. నల్ల కళ్లద్దాలు నేల మీద పడి ఉన్నాయి. తుమ్మడానికి కూడా వీల్లేదన్న మనిషి వంగి, తల ఊగిపోతూ కక్కుతోంది. నా చేతిలో సంచీ ఎక్కడ పడేశానో తెలియదు.

"ఏం తిన్నది?" అని అరిచాను.

"పాతీచా ఝుణకా" అంది అమ్మాయి. పాత్ అంటే మరాఠీలో ఉల్లాకు. ఝుణకా అంటే శనగపిండితో వండిన పొడికూర. మా ఇంట్లో వారానికోసారి తినేదే. అందులో ఏముంటుంది, ఆపరేషన్ మందులు పడలేదేమో అనుకున్నాను. ముఖం కడగడానికి నీళ్లు తెద్దామని గ్యాలరీలో డ్రమ్ము దగ్గరికి వెళ్లాను.

ఇనుప బకెట్‌లో ఉల్లాకు ఉంది. ఆపరేషన్‌కు ముందు రోజు అత్తమ్మ కోసుకోగా మళ్లీ లేచిన ఆకు, వేలెడు పొడుగున, ఒక్కటి కూడా తెగకుండా ఉంది. తెల్ల బకెట్‌లో ఉత్త మట్టి ఉంది. మట్టిలో గుంటలున్నాయి.

చెంబు డ్రమ్ములో పడిపోయింది. లోపలికొచ్చి పొయ్యి మీద కడాయి మూత తీసి చూశాను. శనగపిండి మధ్య పచ్చటి ముక్కలు, వాటితో పాటు తెల్లగా, గుండ్రంగా, చక్కగా తరిగిన గడ్డల ముక్కలు. నా లిల్లీ గడ్డలు. బజార్లో ఉల్లాకు కట్టకు కింద చిన్న గడ్డలుంటాయి కదా, అలాగే అనుకొని అమ్మాయి మొక్కల్ని వేళ్లతో సహా పీకి, కడిగి, తరిగి, తాలింపు పెట్టి వండింది. ఉపవాసం కాబట్టి రుచి చూడలేదు. నానమ్మకు కంచంలో పెట్టి, పక్కన కూర్చొని తినిపించింది. కడాయిలో గరిటెడు మాత్రమే మిగిలింది. అంటే మిగతాదంతా ఆమె కడుపులో ఉంది. మేకలు కూడా ముట్టవన్న మాలి మాట చెవిలో మోగింది.

మా ఆయనకు ఫోన్ చేసి, ఆ గరిటెడు కూర డబ్బాలో వేసుకొని, చెత్తబుట్టలోంచి నాలుగు ఆకులు ఏరుకొని, చాళ్ వాళ్లు కుర్చీలో మోసి దించితే టాక్సీలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. దారంతా ఆమె సంచిలో కక్కుతూనే ఉంది. ప్రతిసారీ నేను ఆమె తల వెనక్కి పట్టుకోబోయేదాన్ని. ఆ తల నా చేతుల్లో ఆగేది కాదు.

అక్కడున్న కుర్ర డాక్టర్ ఏం తిన్నదని అడిగాడు. లిల్లీ అన్నాను. అతను రాస్తున్న పెన్ను ఆపాడు.

"లిల్లీ అంటే పువ్వా?"

"పువ్వు కాదు. గడ్డ. ఆకులూ, గడ్డలూ. వండి."

అతను నన్ను తలనుంచి కాళ్ల దాకా చూశాడు. మెళ్లో బడి కార్డు ఇంకా వేలాడుతోంది. "మీరు టీచరా?" అన్నాడు. అవునన్నాను. అతను తిట్టి ఉంటే బాగుండేది. ఇంకో పెద్ద డాక్టర్ని పిలిచాడు, ఇద్దరూ ఫోన్‌లో ఏదో వెతికారు, డబ్బాలో కూరను అటూ ఇటూ తిప్పి చూశారు. ఈ జాతి గడ్డల్లో విషం ఉంటుందని, ఆకులో కంటే గడ్డలో ఎక్కువని, వాంతులు కావడమే ఒక రకంగా మంచిదైందని చెప్పారు. పూలకుండీలో పెట్టుకొనే దాంట్లో విషమా? రోజూ పొద్దున నేను నీళ్లు పోసి, ఎండాకులు తీసి, చేతులు సరిగ్గా కడుక్కోకుండానే చాయ్ తాగిన మొక్కది.

సెలైన్, ఇంజెక్షన్లు పడ్డాక సాయంత్రానికి వాంతులు తగ్గాయి. ప్రాణానికి భయం లేదన్నారు. అప్పుడు ఆమె కళ్లు తెరిచింది. ఎడమ కన్ను చూసి నేను కెవ్వుమన్నాను. తెల్లగుడ్డు ఎర్రగా అయిపోయింది. నల్లగుడ్డు కింది సగంలో రక్తం నిలిచింది. ఆపరేషన్ చేసిన కంటి డాక్టర్ వచ్చి టార్చ్ వేసి చూశాడు. కక్కినప్పుడు ఒత్తిడికి లోపల రక్తం దిగిందన్నాడు. తల ఎత్తులో పెట్టి కదలకుండా పడుకోబెట్టమన్నాడు. పది రోజుల్లో ఆ రక్తం దానంతటదే పీల్చుకుపోతే చూపు వస్తుంది, పోకపోతే ఏమీ చెప్పలేనన్నాడు. నేను ఇంకేదో అడగబోతే, "ఈమెకు ఇంకో కన్ను లేదని నాకు తెలుసు" అని వెళ్లిపోయాడు.

ఆసుపత్రి మెట్ల మీద అమ్మాయి మోకాళ్లలో తల పెట్టుకొని కూర్చుంది. కొట్టాలన్నంత కోపంతో వెళ్లాను. పూలు పూసినప్పుడు ముప్పై ఫొటోలు తీసిన పిల్లకు అది ఏ బకెటో తెలియదా? పక్కన ఏళ్లనాటి తుప్పుతో ఇంకో బకెట్ ఉంటే కనపడలేదా? అడిగాను. అది ఏడుస్తూ మరాఠీలో చెప్పింది. ఫొటోలు పూలకు తీశానని, పూలు లేనప్పుడు ఆ ఆకుల్ని ఎప్పుడూ చూడలేదని. ఇనుప బకెట్‌లో ఉన్నది చిన్నగా ఉందని, తెల్ల బకెట్‌లో గుబురుగా ఉందని.

"ఆజీ చెప్పింది కదా" అంది. నానమ్మను అది ఆజీ అంటుంది. "నోరు చప్పగా ఉందన్నట్టు నాలుక చూపించింది. తర్వాత పాత్ అంది, బకెట్ అంది, కోయి అంది, వొండు అంది. నాకు మొత్తం అర్థమైంది మమ్మీ. ఈసారి నిన్ను అడగాల్సిన పని కూడా లేకపోయింది."

"సరిగ్గా ఎలా అంది? అలాగే అను."

అది కళ్లు తుడుచుకొని, నానమ్మ గొంతు పెట్టి అంది. "గా పాత బకెట్లది కోసి వొండు బిడ్డా."

నేను అక్కడే మెట్టు మీద దాని పక్కన కూర్చున్నాను. పాత బకెట్. అంటే ఇనుప బకెట్. పాతదాంట్లోది కోయి, కొత్తదాంట్లోది కాదు అని ఆమె తేటతెల్లంగా, ఏ అనుమానానికీ తావు లేకుండా చెప్పింది. పిల్ల చెవిలో ఆ పాత అన్న మాట పాత్ అని పడింది. బకెట్ల అన్నది కూడా మరాఠీలాగే వినపడింది. పాత్, బకెట్‌లోది, కోసి వండు. ప్రతి మాటా విన్నది, ఒక్క మాట కూడా వదల్లేదు. ఏ బకెటో చెప్పే మాట ఒక్కటే దానికి తెలుగుగా చేరలేదు.

పాత అంటే ఏమిటో దానికి చెప్పాను. "జునా?" అంది నోరు తెరిచి. జునా అంటే పాతది. "అంటే ఆజీ నాకు ఏ బకెటో చెప్పిందా?" అని మళ్లీ మళ్లీ అడిగింది. విశేషణాల పాఠం నేను చెప్పని ఏడాది లేదు. కొత్త, పాత, తెల్ల, నల్ల. బల్లల మీద కూర్చొన్న పరాయి పిల్లలందరికీ చెప్పాను. మా ఇంట్లో ఒక విశేషణం రాకపోవడం వల్ల ఒక ముసలామె ఉన్న ఒక్క కన్నూ పోబోతోంది. కొట్టాలనుకున్న చెయ్యి నా చెంప మీదే వేసుకోవాల్సింది.

మర్నాడు బట్టల కోసం ఇంటికొచ్చినప్పుడు తెల్ల బకెట్ అంచున రెండు లిల్లీ మొక్కలు మిగిలి ఉండడం చూశాను. ఒకటి పీకాను. ఇనుప బకెట్‌లోంచి ఒక ఉల్లి మొక్క పీకాను. రెండూ కడిగి గడపలో కూర్చొని ఒళ్లో పెట్టుకున్నాను. గడ్డలు ఒకే తీరుగా ఉన్నాయి. పైన గోధుమరంగు పొర, లోపల తెల్లటి పొరలు, అడుగున దారాల్లాంటి వేళ్లు. పొర మీద పొర ఒలిచాను. ఉల్లి కన్నీళ్లు తెప్పించింది. లిల్లీ ఏమీ చేయలేదు. ఆకును వేళ్ల మధ్య నొక్కాను. ఉల్లాకు లోపల బోలు, ఉబ్బిన గాలి బుస్సుమని పోయి చప్పిడి అయింది. లిల్లీ ఆకు లోపల కండ ఉంది, నొక్కితే నలిగి జిగురు అంటింది. వాసన చూశాను. ఉల్లి తన సంగతి దాచుకోలేదు. లిల్లీకి గడ్డి వాసన తప్ప ఏమీ లేదు. ఇన్ని తేడాలున్నాయి. ఏడాది పాటు రెండింటికీ నీళ్లు పోసిన నేను కూడా అంతకుముందు ఒక్కటీ చూడలేదు.

తర్వాత నేను చేసిన పని ఎవరికీ చెప్పలేదు. లిల్లీ ఆకు చివర రవ్వంత కొరికాను. నాలుక మీద క్షణం కూడా ఉంచుకోలేకపోయాను. చేదు. కాకరకాయ చేదు నోటికి ఇష్టమైన చేదు. ఇది గొంతు లోపల పట్టుకొనే చేదు. ఉమ్మేసి, నాలుగు చెంబుల నీళ్లతో పుక్కిలించాను. అయినా పోలేదు. అప్పుడే నాకు అనుమానం తట్టింది. శనగపిండి వేసినా, కారం వేసినా ఈ చేదు దాగదు. మసాలా వాసన పట్టి ఎవరింట్లో ఏం వండుతున్నారో మంచం మీంచే చెప్పే మనిషి. కళ్లు కనపడకపోవచ్చు, నోరూ ముక్కూ పనిచేస్తున్నాయి కదా. కడాయెడు కూర ఎలా తిన్నది?

ఆ ప్రశ్న పది రోజులు నాలోనే ఉంచుకున్నాను. ఆమె తల దిండ్ల మీద ఎత్తుగా పెట్టుకొని, కళ్లు మూసుకొని పడుకొని ఉంటే అడగడానికి ఎలా నోరొస్తుంది? ఇంటికి తెచ్చాక అమ్మాయి పొయ్యి దగ్గరికి పోలేదు, నానమ్మ మంచం దగ్గరికీ పోలేదు. తలుపు బయట నిలబడి, అలారం మోగగానే చుక్కల మందు నా చేతికిచ్చి వెళ్లిపోయేది. దాని ముఖం పీక్కుపోయింది. ఆ కన్ను పోతే ఈ పిల్ల జీవితమంతా ఏం మోస్తుందో తలచుకుంటే నాకు అన్నం దిగేది కాదు.

పదకొండో రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాం. రక్తం పీల్చుకుపోయింది. చూపు వచ్చింది. ఎదురుగా వేళ్లెన్నో చెప్పమంటే, వేళ్లతో పాటు డాక్టర్ చొక్కాకు గుండీ ఊడిందని కూడా చెప్పింది. అందరం నవ్వాం. నేను నవ్వుతూ ఏడ్చాను.

ఇంటికొచ్చి మంచం మీద కూర్చోబెట్టాక అడిగాను.

"అత్తమ్మా, నిజం చెప్పు. నీకు చేదు తెల్వలేదా?"

"తెల్వకేం?" అంది. "మొదటి ముద్దకే తెల్సింది. నోరంత ఇసం లెక్క అయ్యింది. ఉల్లాకు కాదని గప్పుడే తెల్సింది."

"తెలిసీ తిన్నవా? మొత్తం తిన్నవా?"

"మల్ల ఏం జెయ్యాలె? పోరి పక్కకు కూసుండి ముద్దలు పెడుతున్నది. బాగున్నదా అన్నట్టు నా మొకం దిక్కు సూస్తున్నది. గది ఉపాసముండి నా కోసం వొండింది. ఊంచేస్తే దాని పానం ఏం గావాలె?"

"నీ పానం పోతుండె కదనే! కన్ను పోతుండె!" పెద్దామె అన్న మర్యాద కూడా మర్చిపోయి అరిచాను. తెలియక తిన్నదని పది రోజులు ఏడ్చాను. తెలిసే తిన్నదంటే ఎవరి మీద కోప్పడాలి?

నా అరుపు విని అమ్మాయి తలుపు దగ్గరికొచ్చింది. అత్తమ్మ దాన్ని చూసింది. ఆ కన్ను దాన్ని సరిగ్గా చూడడం ఎన్ని నెలల తర్వాతో. "ఇటు రా బిడ్డా" అంది. ఆ మాట దానికి తెలుసు. వచ్చి మంచం అంచున కూర్చుంది. అత్తమ్మ దాని రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వేం రంది పెట్టుకోకు. రెండు గడ్డలు ఒక్క తీర్గనే ఉంటయి, పెద్దోళ్లకే ఆనది. గది నీ తప్పు కాదు. నేను జెప్పింది నువ్వు ఇన్నవు సూడు, గది నాకు సాలు. పదిహేడేండ్లల్ల మీ అమ్మ నడుమల లేకుండ, నా మాట నువ్వే ఇని, నువ్వే సమజ్ చేసుకొని, వొండి తెచ్చి పెట్టినవు. గందుకే తిన్న. ఇంకింత పెడితె ఇంకింత తిందును."

ఆమె ఎప్పుడూ అంత మెత్తగా మాట్లాడడం నేను వినలేదు. పాత్ సంగతి నేను ఆమెకు చెప్పలేదు, చెప్పకూడదనే అనుకున్నాను. అమ్మాయి ఆమె పెదవుల్ని చూస్తూ, తల ఊపుతూ, చివరిదాకా విన్నది. ఏదో మంచి మాటే అంటోందని దానికి తెలిసింది. చిన్నగా నవ్వింది. నవ్వి నా వైపు తిరిగింది.

"మమ్మీ, ఆజీ కాయ్ మ్హణ్తే?"

నానమ్మ ఏమంటోంది అని.

అత్తమ్మకు మరాఠీ రాకపోతే బాగుండేది. ఆమె చేతులు దాని చేతుల మీద అలాగే ఉండిపోయాయి. నా వైపు చూసింది. ఒక్క కన్నుతో, అప్పుడే తేటపడ్డ కన్నుతో చూసింది. ఆరోజు కూడా దీనికి నా మాట సమజ్ కాలేదా అన్న ప్రశ్న ఆ చూపులో ఉంది. నేను తల దించుకున్నాను. జవాబు అందులోనే ఆమెకు దొరికింది.

అయినా తెలుగులో చెప్పిందంతా మరాఠీలో చెబుదామని నోరు తెరిచాను. అత్తమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది. తర్వాత పిల్ల గడ్డం పట్టుకొని, బజార్లో మాట్లాడే ఆ మరాఠీతో, మా గడప లోపల మొదటిసారి అంది.

"కాయ్ నాయ్ గ బాళా. ఝుణకా ఛాన్ ఝాలా హోతా."

ఏం లేదమ్మా, ఝుణకా బాగా కుదిరింది అని.

అమ్మాయి ఒక్కసారిగా నానమ్మ మెడ చుట్టూ చేతులేసి బోరుమంది. పది రోజులుగా ఏం భయపడిందో, ఆపరేషన్ రోజు ఏం మొక్కుకుందో, కాలేజీలో ఎవరితో మాటలు లేవో, అన్నీ మరాఠీలో కుమ్మరించింది. అత్తమ్మ ఒక్కొక్కదానికీ మరాఠీలోనే బదులు చెప్పింది. పిల్ల మాటలకు మధ్యలో రెండుసార్లు నవ్వింది కూడా. వాళ్లిద్దరికీ నాతో అవసరం పడలేదు. నేను చాయ్ పెట్టడానికి వెళ్లాను.

ఆ రోజు నుంచి అత్తమ్మ మనవరాలితో తెలుగు మాట్లాడలేదు.